గడ్డిలో కొడవలి ముక్క

పోయినవారం భాగం చదివి, చిరుత సంగతి పక్కన పెట్టి, ఎరగా కట్టిన మేక ఏమైందని అడిగినవాళ్లే ఎక్కువ. ముందు ఆ ముచ్చట తేల్చేసి కథలోకి పోదాం. మేక బతికే ఉంది. బోనులో దాని అర వేరు, చిరుత అర వేరు, మధ్యన ఇనుప జాలీ. తెల్లారేదాకా చిరుత పక్కన కాపురం చేసి వచ్చిందన్న ఘనతకు, ఇప్పుడు అది ఎవరి వాకిట్లోకి పోయినా ఇంత కందిపొట్టు దొరుకుతోంది. దాని అదృష్టం దానిది.

మనుషుల పరిస్థితే అంత బాగా లేదు. స్వరూపరాణి నారాయణఖేడ్ దగ్గర ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ అనీ, సిర్గాపూర్ అవతల ఒక చిన్న ఊళ్లో చిరుత తిరుగుతూ ఆమె ప్రాణానికి వచ్చిందనీ మీకు గుర్తుండే ఉంటుంది. శివరాజ్ అనే రైతు లేగదూడ పోయింది. తర్వాత రెండు మేకలు పోయాయి. ఊరంతా రోడ్డు మీద కూర్చుని ఖేడ్ బస్సును ఆపేసింది. ఆ బస్సు మెట్టు మీద నిలబడే ఆమె అందరికీ మాటిచ్చింది. ఎనిమిది రోజుల్లో పట్టిస్తాను, ఆ తర్వాత మీ శివారులో దాని అడుగు కనబడితే నన్నడగండి అంది. మాట ఇచ్చినంత తేలిక కాదు కదా నిలబెట్టుకోవడం. ఏడు రోజులూ ఆమెకు అన్నం సయించలేదు. ఎనిమిదో రోజు తెల్లవారుతుండగా బోను తలుపు పడింది. పరువు దక్కిందనుకుంది పాపం.

ఏడున్నరకల్లా హైదరాబాద్ నుంచి అడవి జంతువుల డాక్టర్ వేణు వచ్చాడు. ఆయన బండిలో రెండు పెట్టెలున్నాయి. పెద్దది చిరుతకు. చిన్నది పోయినవారం ఎక్కడో కొండచిలువను పట్టుకుపోయిన పెట్టె, దించే తీరిక లేక అలాగే ఉండిపోయింది. రెండింటికీ గాలి కోసం చుట్టూ బెజ్జాలు. ఈ చిన్నపెట్టె సంగతి మరిచిపోకండి, దీనితో పని పడుతుంది.

డాక్టర్ దిగీదిగగానే మూడు హుకుంలు జారీ చేశాడు. ఎవరూ అరవొద్దు, ఎవరూ ఫోన్లు పట్టుకుని దగ్గరికి రావొద్దు, నూరడుగుల లోపల ఎవరూ ఉండొద్దు. మూడింట్లో ఒక్కటీ సాగలేదు. చెరుకుమడి గట్టు మీద జాతర దిగినట్టు జనం దిగారు. అయినా ఆయన పని ఆయన చేసుకుపోయాడు. పెట్టె తలుపును బోను తలుపుకు ఆనించి గొలుసులతో బిగించారు. పెట్టెలో చీకటి. బోను మీద కప్పిన గోనెపట్టాను వెనక నుంచి కొంచెం కొంచెం తీస్తూ వచ్చారు. వెలుతురు మీద పడేకొద్దీ జంతువు తనంతట తానే చీకటి వైపు జరుగుతుంది, కర్ర పెట్టి పొడవాల్సిన అవసరమే లేదు. పొడిస్తే కోరలు విరగ్గొట్టుకుంటుంది, కోరలు విరిగిన చిరుత అడవిలో బతకదు, మళ్లీ మేకల మీదికే వస్తుంది. ఇదంతా డాక్టర్ ఓపిగ్గా చెప్పాడు గానీ వినేదెవరు?

అంతకుముందు, పెట్టె అడుగున కాళ్లు జారకుండా ఎండుగడ్డి కావాలన్నప్పుడు మాత్రం ఒక ముసలమ్మ అడక్కుండానే ముందుకొచ్చింది. శివరాజ్ తల్లి నీలమ్మ. డెబ్బై దగ్గర పడుతున్న మనిషి. తమ కొట్టంలోంచి గడ్డి తెచ్చి, ఖాళీ పెట్టెలోకి సగందాకా దూరి, తన చేత్తో తానే పరిచింది. దూడ పోయిన ఇంటి మనిషి ఇంత చేస్తుందా అని స్వరూపరాణికి మనసు నిండిపోయింది. పదిమంది ముందూ మెచ్చుకుంది కూడా.

కొడుకు దారి వేరు. దూడను తిన్నదాన్ని సర్కారు అత్తగారింటికి తోలినట్టు తోలుతోందని, గట్టు మీద నిలబడి అందరికీ వినబడేలా శివరాజ్ అంటూనే ఉన్నాడు.

మత్తు ఇస్తే జంతువును ఒళ్లంతా పరీక్ష చేయొచ్చు. కానీ తెల్లవారుజాము నుంచి బెదిరిపోయి ఉన్నదానికి ఇంత గోలలో మత్తిస్తే ప్రాణం మీదికి రావొచ్చని డాక్టర్ వద్దన్నాడు. పెట్టెలోకి మళ్లించకముందే, బోను జాలీలోంచి చూసి కాగితం నింపమని స్వరూపరాణికి ఇచ్చాడు. ఆడదని ఆయనే చెప్పాడు. పళ్లు బాగున్నాయి, గాయాలు లేవు. చివర్న ఒక గడి ఉంది: పాలిచ్చే తల్లి, అవును లేదా కాదు. చిరుత పొట్టను నేలకు అదిమిపెట్టి ఆమె వైపే చూస్తోంది. ఎంత వంగినా ఏమీ కనబడలేదు. కనబడలేదు అని రాసే గడి ఆ కాగితంలో లేదు. వెనక నుంచి జనం తోసుకొస్తున్నారు. ఆమె 'కాదు' మీద టిక్కు పెట్టి సంతకం చేసింది.

అంతే. పెట్టె బండెక్కింది. పోవలసింది కృష్ణ ఒడ్డు అడవికి, ఏడెనిమిది గంటల దారి.

బండి నడిపేది ప్రేమదాసు. హారన్ కొట్టొద్దు, పాటలు పెట్టొద్దు, గుంతల్లో ఎగరేయొద్దని డాక్టర్ అంటే, మొదటి రెండూ నా చేతిలో ఉన్నాయి సార్, మూడోది రోడ్డు చేతిలో ఉందన్నాడు. చెప్పినట్టే మెల్లగా నడిపాడు. నలభై నిమిషాలకు ఖేడ్ పొలిమేర చేరారు. మొదటి గంటలోపల ఒకసారి ఆగి నీళ్లు, గాలి, గోనెల తడి చూసుకోవడం డాక్టర్ పద్ధతి. రోడ్డు పక్కన మొక్కల నర్సరీ కనబడితే దాని నీడలో ఆపించాడు.

దిగగానే ప్రేమదాసు ఒక మాట చెప్పాడు. బండి మలుపు తిరిగినప్పుడల్లా పెట్టెలో ఇనుము జారుతున్న చప్పుడు వస్తోందట. డాక్టర్ బోల్టులన్నీ చూశాడు, బిగువుగానే ఉన్నాయి. గోనె కొద్దిగా ఎత్తి సందులోంచి టార్చి వేశాడు. వెంటనే చేత్తో స్వరూపరాణిని పిలిచాడు.

గడ్డి పక్కకు జరిగిన చోట విరిగిన కొడవలి ముక్క పడి ఉంది. జానెడు పొడవు, పదును పదునుగానే ఉంది. దాని పక్కనే చిరుత ముందుకాలు. ఇంకో మలుపు తిరిగి ఉంటే పంజా తెగేది, నాకితే నాలుక తెగేది. డాక్టర్ చెమటలు కక్కుతూ, పాముల్ని పట్టే కొక్కెంతో పావుగంట తంటాలు పడి ముక్కను బయటికి లాగాడు. దానితోపాటు ఒక వేపరెమ్మ కూడా వచ్చింది. రెమ్మను ఎవరూ పట్టించుకోలేదు.

డాక్టర్‌కు మామూలుగా కోపం రాదు. వస్తే ఆగదు. అడవికి చేరేలోపల దీన్ని చంపాలని కావాలనే చేశారు, కేసు పెట్టాల్సిందే అన్నాడు. స్వరూపరాణి కొడవలి ముక్కను తిప్పి చూసింది. పిడి దగ్గర రాగితీగ చుట్టి ఉంది. గడ్డి వచ్చింది శివరాజ్ కొట్టంలోంచి. పొద్దుట్నుంచి కారాలు మిరియాలు నూరింది శివరాజ్. రెండూ రెండూ నాలుగని చెప్పడానికి చదువు అక్కర్లేదు కదా. వెంటనే ఫోన్ చేసి, ఉన్నఫళాన ఖేడ్ నర్సరీ దగ్గరికి రమ్మంది. ఎందుకని అడిగితే వచ్చాక చెప్తానంది.

అరగంటలో శివరాజ్ మోటార్‌సైకిల్ మీద వచ్చాడు. వెనక నీలమ్మ. తానూ వస్తానని పట్టుబట్టిందట.

స్వరూపరాణి మారుమాట లేకుండా కొడవలి ముక్కను అతని ముందు పెట్టింది.

శివరాజ్ దాన్ని చూసీ చూడగానే తమదేనన్నాడు. తీగ చుట్టింది తనేనని, విరిగాక చూరులో చెక్కానని కూడా చెప్పాడు. అబద్ధమాడేవాడైతే ఆ మాట అనడు. కానీ ఆమెకు అప్పుడు ఆ ఆలోచన తట్టలేదు. ఇది పెట్టెలో దొరికింది అంది.

శివరాజ్ ముఖం ఎర్రబడింది.

"నేను సంపాల్ననుకుంటె బోను కాడనే సంపుతుంటి మేడం. దొంగసాటుగ గడ్డిల కొడవలి పెట్టెటోని లెక్క కనబడుతున్ననా?"

"మరి మీ కొడవలి నడుచుకుంట వొచ్చి పెట్టెల కూసున్నదా శివన్నా?"

అప్పుడు నీలమ్మ మోటార్‌సైకిల్ దగ్గర్నుంచి మెల్లగా నడిచి వచ్చింది. కొంగు సర్దుకుంది. ఆమె ముఖంలో బెదురేమీ లేదు.

"వాన్నెందుకు అంటవు బిడ్డా. నేనే పెట్టిన."

అందరూ ఆమె వైపు తిరిగారు. ఎందుకు పెట్టావని డాక్టర్ అడిగాడు. ఇంత చదువుకున్నవాడు ఇదేం అడుగుతున్నాడన్నట్టు చూసింది ముసలమ్మ.

"బాలింతను ఊరు దాటిచ్చెటప్పుడు ఇనుము పెట్టకుంట ఎట్ల తోలుతరు? యాపరెమ్మ గూడ పెట్టిన. గడ్డి కింద అడుక్కు పెట్టిన, మీదికెట్లొచ్చెనో నాకెర్క లేదు."

స్వరూపరాణికి నవ్వు వచ్చింది ముందు. తన కాన్పు తర్వాత దవాఖాన నుంచి ఇంటికి వచ్చేటప్పుడు అత్త తన సంచిలో, సెల్‌ఫోన్ పక్కన, చాకు పెట్టి పంపింది. బాలింత గడప దాటితే ఇనుము తోడుండాలి, గాలీ ధూళీ సోకకుండా వేప ఉండాలి. ముసలమ్మ చంపాలని పెట్టలేదు, కాపాడాలని పెట్టింది. నవ్వు పెదాల దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది.

బాలింత.

"అవ్వా, అది బాలింత అని నీకెవరు జెప్పిండ్రు?"

"ఎవరు జెప్పుడేంది? నా కండ్లతోని జూసిన."

పది రోజుల కింద, పొద్దున్నే తమ చెరుకుమడికి నీళ్లు మళ్లించడానికి పోయిందట. నడిమధ్యలో, ఎండాకు కుప్పలో, రెండు పిల్లలు. పిల్లికూనలంత ఉన్నాయి, అప్పుడే కళ్లు తెరిచినట్టున్నాయి. తల్లి లేదు. ముసలమ్మ చప్పుడు చేయకుండా అడుగు వెనక్కి వేసి ఇంటికొచ్చేసింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే, దూడ పోయిన కోపంలో ఉన్న కొడుకు రాయి తీసుకుని పోతాడని భయం. మరి ఈ పొద్దున మాకైనా ఎందుకు చెప్పలేదని స్వరూపరాణి అడిగింది.

"మీరు పెట్టెలు రెండు తెచ్చిండ్రు గద బిడ్డా. పెద్దదాంట్ల తల్లి, చిన్నదాంట్ల పిల్లలు అనుకున్న. సర్కారోళ్లకు ఎరుక లేకుంట ఉంటదా అనుకున్న."

కొండచిలువ పెట్టె. ఖాళీ పెట్టె. డాక్టర్ ఆ పెట్టె వైపు చూసి తల పట్టుకున్నాడు.

ఆయన ఇంక మాటలతో కాలం గడపలేదు. శివరాజ్ మోటార్‌సైకిల్ అద్దం విప్పి, కర్రకు కట్టి, పెట్టె కింది సందులోంచి లోపలికి తోసి టార్చి వేశాడు. రెండు నిమిషాలు చూశాడు. చన్నులు నిండి ఉన్నాయని, చుట్టూ వెంట్రుక రాలిపోయి ఉందని చెప్పాడు. పిల్లలు పాలు తాగుతున్న తల్లి. రాత్రి నుంచి పాలిచ్చి ఉండదు.

స్వరూపరాణి జేబులోంచి కాగితం తీసింది. 'కాదు' పక్కన టిక్కు, కింద తన సంతకం. ఎంత పొందికగా పెట్టింది ఆ సంతకం! ఆమెకు తన మీద తనకే రోత పుట్టింది. చదువు రాని ముసలమ్మ చూసింది. గడి ముందు పెట్టుకుని తాను చూడలేదు.

ఇప్పుడేం చేద్దామన్నది ప్రశ్న. డాక్టర్ ఉన్నదున్నట్టు చెప్పాడు. ఇలాగే ముందుకు పోతే పిల్లలు రేపటిదాకా బతకడం కష్టం. వాటిని వేరేగా తెచ్చి పెంచితే బతుకుతాయేమో గానీ జన్మంతా జూపార్కు బోనే. ఇక తల్లిని కృష్ణ ఒడ్డున వదిలినా, అది అక్కడ ఉండదు. పిల్లల కోసం తిరుగు దారి పడుతుంది, దారిలో ఎన్ని ఊళ్లు, ఎంతమంది మనుషులు. అన్నిటికంటే మేలు, ఎక్కడ పట్టుకున్నారో అక్కడికే తీసుకుపోయి, పిల్లలున్న చోటు దగ్గర పెట్టె తలుపు తెరిచి, మనుషులు దూరం జరగడం. అలికిడైన చోట తల్లి పిల్లల్ని ఉంచదు, నోట కరుచుకుని తానే ఇంకో తావుకు పోతుంది. అదీ మధ్యాహ్నం లోపలే జరగాలి. ఎండ ముదిరితే పెట్టెలో ఉన్నది తట్టుకోలేదు.

శివరాజ్ అంతా విన్నాడు.

"నువ్వే జెప్పినవు గద మేడం, బస్సు మీద నిలబడి. మా శివారుల దాని అడుగు కనబడదంటివి. ఇప్పుడు నువ్వే బండ్ల ఎక్కిచ్చుకోని తెస్తవా?"

ఈ మాట ఆమె ఎదురుచూస్తున్నదే. అయినా గుండెలో దిగింది. అదే సమయానికి ఫోన్ మోగింది. పై ఆఫీసరు, బండి సంగారెడ్డి దాటిందా అని. ఇంకా దాటలేదు సార్, మళ్లీ చేస్తానని పెట్టేసింది. తిరిగి తీసుకుపోతే ఊరి ముందు మాట పోతుంది, హుకుం తప్పినందుకు ఉద్యోగం మీదికి వస్తుంది. తీసుకుపోకపోతే ఎవరూ అడగరు. కాగితం మీద అంతా సరిగ్గానే ఉంది. చెరుకులో రెండు కూనలు చచ్చిపోతే సర్కారు రికార్డులో అవి పుట్టినట్టే ఉండదు.

"మాటిచ్చిన, నిజమే. ఈ తప్పు రాసింది గూడ నేనే. ఊరు నన్ను తిడితె పడత. పిల్లలను సంపి మాట నిలబెట్టుకోను శివన్నా."

"నీకేం మేడం, తిట్లు వడి ఖేడ్ పోతవు. ఆ చెరుకు పక్కన పండుకునేది మేము."

అతను అన్నదాంట్లో అబద్ధం లేదు. జవాబు నీలమ్మ చెప్పింది, కొడుకు ముఖంలోకి చూడకుండా, నేల చూస్తూ.

"దూడ పోయిననాడు ఆవు ఎన్నొద్దులు అరిచెరా?"

శివరాజ్ మోటార్‌సైకిల్ వైపు తిరిగాడు.

"నాలుగొద్దులు. దాని అరుపు ఇనలేక నువ్వు బువ్వ ముట్టకుంట పండినవు. ఇది ఎన్నొద్దులు అరువాలె? ఆవుకు నువ్వున్నవు, దీనికెవరున్నరు?"

స్వరూపరాణి ఆగలేదు. కాగితాన్ని బండి బానెట్ మీద పెట్టి, 'కాదు' మీద అడ్డంగా గీత కొట్టి, 'అవును' అని రాసి, పక్కన తేదీ, టైము వేసి మళ్లీ సంతకం చేసింది. టైము రాయడానికి వాచీ చూసుకుంది. పదీ ఐదు.

ఆమె నోటి వెంట ఆ టైము విని శివరాజ్ ఉలిక్కిపడ్డాడు. ఇందాకటి కోపమంతా ముఖంలోంచి దిగిపోయింది. తల్లి వైపు, స్వరూపరాణి వైపు మార్చిమార్చి చూశాడు.

"మేడం, చెరుకు కోత ముఠా పొద్దుగాలనే దిగింది. చిరుత తిరిగిన మడి, ఆకు కాలుస్తెనే లోపటికి పోతమన్నరు. పదింటికి అంటుపెట్టుమని జెప్పొచ్చిన."

నీలమ్మ అక్కడే నేల మీద కూలబడింది. ఇంతసేపూ ధైర్యంగా నిలబడిన మనిషి.

శివరాజ్ ఫోన్ తీసి ముఠా మేస్త్రీ వీరప్పకు కలిపాడు. మోగి మోగి ఆగిపోయింది. రెండోసారీ అంతే. మూడోసారి స్పీకర్ పెట్టి కలిపాడు. వీరప్ప బీదర్ దిక్కు మనిషి, సగం కన్నడం, సగం తెలుగు. ఎత్తగానే నింపాదిగా పలకరించాడు. నిప్పు పెట్టావా అని శివరాజ్ అరిచాడు.

"బెంకి పెట్టినమన్నా, తూర్పు మూలకెల్లి. గాలి లేదు, మెల్లగ పోతుంది."

ఆర్పమని శివరాజ్ గొంతు చించుకున్నాడు. ట్యాంకరు తెప్పించు, మోటారు వెయ్యి, అంటుకోని వైపు చెరుకు నరికి దారి తెగ్గొట్టమన్నాడు. కరెంటు లేదన్నాడు వీరప్ప. తన చెరుకు తానే తగలబెట్టించి తానే ఆర్పమనే రైతును అతను ఇంతకుముందు చూసి ఉండడు. గొంతు తగ్గించి అన్నాడు.

"అన్నా, లోపల ఏమో అరుస్తుంది. పిల్లి లెక్క. ఆగు, నువ్వే ఇను."

ఫోన్‌ను మడి వైపు పట్టుకున్నట్టున్నాడు. ముందు ఎండాకు చిటపటలు వినబడ్డాయి. వాటి మధ్యలోంచి సన్నగా ఒక అరుపు.

పెట్టె కదిలింది.

తెల్లవారుజామున బోనులో పడ్డప్పటి నుంచి ఆ చిరుత గుర్రుమనలేదు, గీరలేదు, అంత జనంలోనూ నోరు విప్పలేదు. ఇప్పుడు చీకట్లో లేచి నిలబడింది. పలక మీద ఒక్క దెబ్బ కొట్టింది, బండి స్ప్రింగులు మూలిగాయి. ఫోన్లోంచి అరుపు రెండోసారి వచ్చింది. పెట్టెలోంచి దానికి బదులు వచ్చింది.

ఎవరూ చెప్పకముందే ప్రేమదాసు బండి తిప్పాడు. డాక్టర్ పెట్టె పక్కకు ఎక్కాడు. స్వరూపరాణి ముసలమ్మను రెక్క పట్టుకుని లేపి తన పక్కన కూర్చోబెట్టుకుంది. శివరాజ్ అద్దం లేని మోటార్‌సైకిల్ మీద ముందు దూసుకుపోయాడు.

ఎంత వేగంగా పోయినా దారి అరగంట. నిప్పంటుకున్న చెరుకు ఎకరన్నరే.